ఎడమకు లాగే గొడుగు

“నాయినా, మళ్ళీ ఎడమకే లాగేసింది,” అంటూ చెరువులోంచి నడిచి వచ్చింది రంజని. నెత్తి మీద నాచు, చంకలో తడిసిన పారాచూట్. ఇదేదో కొత్త రకం పక్షి అనుకుని రెండు కొంగలు ఒడ్డు దాకా సాగనంపాయి.

షోళవరం పాత రన్‌వే మధ్యలో సున్నంతో గీసిన వలయం ఎండలో తెల్లగా, ఖాళీగా ఉంది. విమానంలోంచి దూకినవాళ్ళు దిగాల్సింది అందులో. రంజని మాత్రం ప్రతిసారీ పక్కనున్న చెరువులో తేలుతోంది.

“ఏం పరంధామయ్యా, కూతుర్ని దూకేదానికి పంపిస్తా ఉండావా, చేపలు పట్టేదానికా?” అన్నాడు దూకడం నేర్పే మోహన్‌రాజ్ మాస్టరు. వెంటనే నవ్వు ఆపేశాడు. “తమాషా కాదయ్యా. తాళ్ళు చుట్టుకుని నీళ్ళల్లో మునిగితే ఎవురు పూచీ? వచ్చే ఆదివారం ఒక్క ఛాన్సు ఇస్తా. వలయంలో దిగితే మన క్లబ్బు ప్రదర్శనలో దూకనిస్తా. అప్పుడూ చెరువులోకే పోతే ఆ పిల్ల ఇంక ఈ పక్కకి రావద్దు.”

రంజని ముఖం తిప్పుకుంది. పరంధామయ్య ఆమె చంకలోని తడి గొడుగు అందుకుని నీళ్ళు పిండసాగాడు.

ఎయిర్‌ఫోర్సులో పారాచూట్లు మడిచి మడిచి రిటైరైన మనిషి ఆయన. ఆయన మడిచిన గొడుగు కట్టుకుని దూకితే, మధ్యలో మేఘం అడ్డొచ్చినా పక్కకు తప్పుకుని దారిచ్చేదని అంబత్తూరంతా చెప్పుకునేవారు. అంబత్తూరంతటికీ చెప్పింది ఆయనే అనుకోండి. అంతటి మనిషి, సొంత కూతురి గొడుగు దగ్గరకొచ్చేసరికి తెల్లమొహం వేశాడు. మార్చేద్దామంటే క్లబ్బులో రంజని బరువుకు సరిపోయేది అదొక్కటే.

ఇంటికొచ్చి మేడ మీద గొడుగు పరిచాడు.

“చేతికి ఎట్లుండాదో చెప్పుమా.”

“కుడి పిడి పట్టుకుని వేలాడితేగానీ నేరుగా పోదు నాయినా. భుజం ఊడొచ్చేస్తా ఉండాది. పిడులు రెండూ వదిలేసినా ఎడమ అంచు వొంగే ఉంటాది. పైన ఎవరో కూర్చోని లాగతా ఉన్నట్టు.”

“పైన ఎవురుంటారు, పిచ్చిదానా. తాడులోనే ఏదో ఉండాది.”

పిడిని గొడుగు అంచుకు కలిపే బ్రేకు తాడు ఎడమవైపు అప్పటికే వదులు చేసి చూశాడు. రంజని పిడిని మోకాలి దాకా లాగినా గొడుగు పలకలేదు. కుడి తాడు బిగించి చూశాడు. గొడుగు గాల్లోనే మొండికేసి నిలబడింది, కింద చూస్తున్నవాళ్ళు టీ తాగొచ్చినా అక్కడే ఉంది. తర్వాత నింపాదిగా చెరువులోకే పోయింది.

కాస్త పక్కన ఆయన భార్య పుష్పవల్లి సూదిలో దారం ఎక్కిస్తోంది. చూపు ఆనక పరంధామయ్య సూది ముట్టుకోవడం మానేశాడు. అంచుల్లో కుట్లు ఊడితే మళ్ళీ కుట్టేది ఆమే.

“ఏంమా, ఈ మధ్య స్వామి బిళ్ళ కట్టుకోమని పోరు పెట్టడం లేదే?” అంది రంజని.

ఆ ఆంజనేయస్వామి రాగి బిళ్ళ అప్పడమంత ఉంటుంది. మెళ్ళో కట్టుకుంటే స్వామి కాపాడడం మాట అటుంచి, మెడ వంగిపోతుంది.

“తాళ్ళకి చిక్కుకుంటాది, మాస్టరు ఒప్పుకోడు అంటివి కదా. సరి అని నేనూ అడగడం మానేసినా,” అంది పుష్పవల్లి దారం కొరుకుతూ.

వారమంతా పరంధామయ్య తాళ్ళతో కుస్తీ పట్టాడు. బిగించాడు, వదిలాడు, కొలిచాడు, మళ్ళీ బిగించాడు. శనివారం మధ్యాహ్నానికి అన్నం కంచం కూడా ఎడమకు వాలినట్టు కనిపించసాగింది. చివరికి తాళ్ళన్నిటినీ కంపెనీవాళ్ళు పెట్టిన గుర్తుల దగ్గరికే తెచ్చి ముడివేసి, గోడకు చేరగిలబడ్డాడు.

“నా చేత కాదు పుష్పా. ఎట్లా వచ్చిందో అట్లానే పెట్టేసినా. ఇంక నా చేతుల్లో ఏమీ లేదు.”

పుష్పవల్లి ఆయన ముఖంలోకి చూసింది. “నువ్వు పోయి కాసేపు పండుకోయ్యా. అంచులు నేను చూసి పెడతా. లేచినాక మడుద్దువు.”

ఆదివారం విమానం చుక్కంత అయ్యింది. ఆ చుక్కలోంచి ఇంకో చుక్క రాలింది. గొడుగు విచ్చుకుంది. కింద పరంధామయ్య రెండు చేతులూ పైకెత్తి, లేని పిడులు పట్టుకుని కుడివైపు లాగడం మొదలుపెట్టాడు. చొక్కా చంకలో పర్రున చిరిగింది.

“నువ్వు ఈడ లాగితే ఆడ తిరగతాదా?” అన్నాడు మోహన్‌రాజ్.

“ఇంకేం చెయ్యమంటారు సార్?”

పరంధామయ్య కళ్ళు మూసుకున్నాడు. చెరువులో చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఎంతకీ వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి వలయం నట్టనడుమ సున్నపు దుమ్ము లేచి ఉంది. ఆ దుమ్ములో రంజని నిలబడి నవ్వుతోంది.

“చేతికి ఎట్లుండిందిమా?” పరిగెత్తుకెళ్ళి అడిగాడు.

“రెండు పిడులూ కొంచెం బరువే నాయినా. కానీ సమానంగా ఉండాయి. వదిలేసినా నేరుగా వచ్చేసింది.”

మోహన్‌రాజ్ వచ్చి భుజం తట్టాడు. “గట్టివాడివయ్యా. ఏం చేసినావు?”

“ఏమీ చెయ్యలేదు సార్.”

“సరి సరి, చెప్పొద్దులే. పెద్ద పనివాళ్ళంతా ఇట్లానే అంటారు. పిల్ల పేరు ప్రదర్శనలో ఖాయం.”

చింతచెట్టు నీడలో పుష్పవల్లి క్యారియరు విప్పుతోంది. పరంధామయ్య వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

“నిజంగానే నేనేమీ చెయ్యలేదే పుష్పా. తల పగిలిపోతా ఉండాది. ఎట్లా నేరుగా వచ్చింది?”

పుష్పవల్లి ఆయన చేతిలో సాంబారన్నం పెట్టి, ఆకాశానికి ఒక దణ్ణం పెట్టుకుంది.

“ఎడమ అంచులో స్వామి బిళ్ళ ఒక్కటే చాలడం లేదని, నిన్న కుడి అంచులోనూ ఒకటి కుట్టినా.”