అత్తగారి రేసు కంప్యూటర్

"ముట్టుకోకండి అల్లుడుగారూ! దాన్ని గుమ్మం దాటిస్తే వెనకే నేనూ వచ్చేస్తాను!"

కుట్టుమిషన్ వదిలేసి వచ్చిన అత్తగారు కంప్యూటర్ మీద రెండు చేతులూ వేసింది. కంప్యూటర్ల సంగతిలో తనకు తెలియనిది లేదని అల్లుడి గట్టి నమ్మకం.

"పోయినేడు గ్రాఫిక్స్ కార్డు నా చేత్తోనే బిగించాను అత్తయ్యగారూ. కొత్త కార్డు వేసినా మీ రేసు ఆటలో కారుది నత్తనడకే. ఇక పార్టులు మార్చడం దండగ, కంప్యూటర్నే మార్చేద్దాం."

"కుట్టు తప్పితే మిషన్ పారేస్తామా? ముందు దారం ఎటు పోతోందో చూస్తాం."

ఆవిడ తెర నుంచి వచ్చే తీగను వేళ్లతో తడుముకుంటూ కంప్యూటర్ వెనక్కి వంగింది. తీగ కొత్త కార్డుకు లేదు, కంప్యూటర్‌కు మొదట్నుంచీ ఉన్న పాత రంధ్రంలోనే ఉంది. కార్డు ఏడాదిగా ఖాళీగా కూర్చుంది!

ఆవిడ తీగ పీకి కార్డుకు గుచ్చి, ఆట మొదలుపెట్టింది. తెర మీద కారు రివ్వున దూసుకుపోయింది.

ఆనాడు ఆ తీగ తగిలించిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

"నన్నేమీ అనరా అత్తయ్యగారూ?"

"తీరికేదీ? ఏడాదిగా నన్ను దాటిపోయినవాళ్లందర్నీ ఈ డొక్కుతోనే దాటాలి. కాస్త జరగండి!"