మూడింట రెండు

"పిల్లర్ ఒరుగుతోందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

రెండో అంతస్తు లెక్కల టీచర్ గారు కుర్చీలోంచి లేచి మరీ అడిగారు. ఆదివారం ఉదయం. అపార్ట్‌మెంట్‌లోని నలభై కుటుంబాలూ పిల్లాజెల్లాతో సహా కింద హాల్లోకి దిగివచ్చాయి. ఎదురుగా బల్ల దగ్గర ఇద్దరే కూర్చున్నారు. ఈ భవనానికి డిజైన్ గీసిన బావ, దానికి కాపలా కాసే కంప్యూటర్‌ను తయారు చేసిన బావమరిది.

బావమరిదికి చిర్రెత్తుకొచ్చింది. రోజూ ఇవే ప్రశ్నలు. విసుగెత్తిపోయి, 'అందరూ అడిగే ప్రశ్నలు' అని జవాబులతో సహా రాసి లిఫ్టు పక్కన అంటించాడు కూడా. ఎవరైనా చదివితేగా!

పక్క స్థలంలో కొత్త భవనం కోసం లోతుగా గొయ్యి తవ్వుతున్నారు. అందుకే ఆరు నెలల క్రితం, సెల్లార్‌లో బరువంతా మోసే మూడు పిల్లర్లకు మూడు సెన్సర్లు తెప్పించాడు. బ్యాటరీతో నడుస్తాయి; పిల్లర్ వెంట్రుకవాసి ఒరిగినా తీగ లేకుండానే కంప్యూటర్‌కు కబురు వస్తుంది. మూడింటికీ తనే స్విచ్చి వేసి, నంబర్లు రాసి, పెట్టెల్లో సర్ది ఎలక్ట్రీషియన్ చేతికిచ్చాడు. తెర మీద మూడు పచ్చచుక్కలు వెలిగాయి. అంతటితో తన పని అయిపోయింది. పిల్లర్ బావ పని, బిగింపు ఎలక్ట్రీషియన్ పని, తెర తన పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు.

"మూడు సెన్సర్లు ఎందుకో తెలుసాండీ?" అన్నాడు ఓపిక తెచ్చుకుని. "ఒక్కటే పెడితే, అది తప్పు చెప్పినా నమ్మాలి. రెండు పెడితే, అవి పోట్లాడుకున్నప్పుడు తీర్పు చెప్పేవాడుండడు. మూడుంటే, రెండు ఏమంటే అదే మాట. పిల్లర్లు మూడూ ఒకే దూలాన్ని మోస్తున్నాయి, ఒకటి ఒరిగితే మిగతావీ కదలాల్సిందే. పెద్ద పెద్ద కంప్యూటర్లూ ఇలాగే పనిచేస్తాయి."

"మరి మూడోది పది రోజులుగా మొత్తుకుంటోందిగా బాబూ?"

"దానికదే అలవాటండీ. వీధిలో లారీ వెళ్ళినా ఉలిక్కిపడుతుంది. మిగతా రెండింటినీ చూడండి. ఆరు నెలల్లో ఒక్కసారి కదిలితే ఒట్టు. సున్నా అంటే సున్నా!"

"అచ్చం మా బావమరిది లాంటిదండీ ఆ మూడోది. చీమ కుడితే వీధంతా లేపుతుంది," అన్నాడు బావ.

హాలంతా నవ్వింది. టీచర్ గారు నవ్వలేదు.

"మా పడగ్గది తలుపు పట్టేస్తోంది. వంటింట్లో గోళీ పెడితే దానంతటదే కిటికీ దాకా దొర్లిపోతోంది."

"తలుపు చెక్కది కదమ్మా, వానలకి ఉబ్బుతుంది. వంటింటి గచ్చుకి వాలు నీళ్ళు పోవడానికే పెడతాం."

జవాబైతే చెప్పాడు గానీ, బావ చూపు తెర మీదే ఉంది. మూడో నంబరు పిల్లర్ గొయ్యి పక్కనే ఉంటుంది. మొన్న రెండు మిల్లీమీటర్లు. నిన్న నాలుగు. ఇవాళ ఏడు.

"ఏమోయ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఏడంటే చిన్నదేం కాదు. అందరినీ రెండు రోజులు బయటికి పంపి, పిల్లర్లకు సెన్సర్ల మీదుగా వేసిన తొడుగులు విప్పించి చూద్దామా?"

"రెండు సున్నా అంటుంటే ఒకదాని మాట పట్టుకుని నలభై కుటుంబాల్ని రోడ్డున పడేస్తావా బావా? నీ పిల్లర్ మీద నీకే నమ్మకం లేదా?"

"మీ అక్కా, చంటిదీ ఉండేది ఇక్కడేగా. అందుకని అడిగా."

"నా మేనకోడలి విషయంలో నేను తెగించి మాట్లాడతానా?"

ఆ మాటతో బావ మెత్తబడ్డాడు. ఇళ్ళు ఖాళీ చేయాలా వద్దా అని చేతులెత్తమన్నారు. వద్దని అందరి చేతులూ లేచాయి, ఒక్క టీచర్ గారివి తప్ప.

"లెక్క తప్పితే, వందమంది చేతులెత్తినా అది తప్పే," అన్నారావిడ. ఎవరూ వినిపించుకోలేదు.

బావమరిది మీట నొక్కి మూడో సెన్సర్ను లెక్కలోంచి తీసేశాడు. పది రోజులుగా వెలుగుతున్న పసుపు దీపం ఆరిపోయింది. 'భవనం క్షేమం' అని అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. హాల్లో చప్పట్లు. పిల్లలు మెట్ల మీద పరుగులు తీశారు.

అక్క చంటిదాన్ని భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడుస్తూ వెనక్కి తిరిగింది.

"వంటైపోయింది. చల్లారకముందే రండి ఇద్దరూ."

"నువ్వు పదక్కా, వెనకాలే వస్తాం."

టీచర్ గారు చివరిదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. "నేనొక్కదాన్నే రోడ్డు మీద కూర్చోనా," అని గొణుక్కుని ఆవిడా మెట్లెక్కారు. ఆవిడను చూస్తే బావమరిదికి జాలేసింది. భోజనానికి ముందే ఆ పాడైన సెన్సర్ స్థానంలో కొత్తది పెట్టేస్తే, పాపం, ఆవిడకీ కాస్త నిద్ర పడుతుందనుకున్నాడు.

స్పేరుది కాంపౌండు వెనక మూల స్టోరు గదిలో ఉంది. సెన్సర్లు బిగించిన రోజు, ఇంకెక్కడో పనుందంటూ హడావుడిగా వెళ్తూ ఎలక్ట్రీషియన్ తలుపు పక్క మేకుకి తగిలించిన తాళంచెవి ఇంకా అక్కడే ఉంది. బావమరిది దుమ్ము దులిపి తలుపు తీశాడు. అలమర తెరిచాడు.

పై అరలో, స్పేరు పెట్టె పక్కనే, ఆరు నెలలుగా ఎవరూ బిగించని రెండు సెన్సర్లు మెత్తటి దూది మీద కదలకుండా పడుకుని పచ్చగా మిణుకుమంటున్నాయి. వాటి మీద తన చేతిరాతలోనే: ఒకటో నంబరు, రెండో నంబరు.