ఆల్సేషన్‌కు పథ్యం

మద్రాసు నుంచి తెచ్చిన ఆల్సేషన్ కుక్కకు ఏం పెట్టాలన్నదే ఆ కరువు ఏడాది జమ్మలమడుగు ఓబుల్‌రెడ్డికి పట్టుకున్న పెద్ద దిగులు. పాలు, గుడ్లు, పొట్టేలు మాంసం మేపితే దానికి ఒళ్లంతా గజ్జి లేచింది.

ప్రొద్దుటూరు నుంచి పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "రెండు పూటలా రాగిసంగటి పెట్టండి, చాలు," అని చెప్పి వెళ్లాడు.

నెల తిరిగేసరికి కుక్క నున్నగా తేరుకుంది. రెడ్డి మురిసిపోతూ జీతగాడు దాసయ్యను పిలిచాడు.

"చూస్తివా! నువ్వు తినే సంగటే అదీ తింటాండాది. మా ఇంట్లో మనిషికీ కుక్కకూ భేదం లేదురా."

దాసయ్య తలగుడ్డ తీసి చేతులు కట్టుకున్నాడు.

"నాకు పగలు ఒక్కపూటే పెడ్తాండారు సామీ. దానికి మాదిరి నాకు గూడా రెండు పూటలా పెట్టించు."

రెడ్డి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నీకేం రోగమొచ్చిందిరా? గట్టిగానే ఉండావు గదా!"