తొమ్మిదవ నిబంధన

డిప్రెషన్‌కు కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చి, ఆ మత్తులో మనసు విప్పించే ఆ చికిత్సాలయంలో తొమ్మిదవ నిబంధనకు మినహాయింపు లేదు. మందు తీసుకున్నవారిని ఇంటికి తీసుకెళ్లడానికి అయినవారెవరైనా వచ్చి సంతకం చేయాలి. టాక్సీ డ్రైవరు అయినవారి కిందికి రాడు.

"ఎవరూ లేకనే కదమ్మా నాకీ జబ్బు," అన్నాడు లైల్. పోర్ట్‌లాండ్‌లో ముప్ఫయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి.

"ఎవరూ లేకపోతే మందు కూడా లేదు సార్," అంది నర్సు మార్నీ, నిబంధనలు అనుమతించినంత మేరకు విచారిస్తూ.

పదకొండేళ్లుగా తనతో మాటల్లేని తమ్ముడికి లైల్ ఫోన్ చేశాడు. తమ్ముడు నలభై నిమిషాల్లో వచ్చి, సంతకం చేసి, లైల్ తలమీది పాత డ్యూటీ టోపీ చూసి, "ఈ టోపీ ఇంకా పారేయలేదా నువ్వు?" అని మాత్రం అడిగి, బయట కారులో కూర్చున్నాడు.

లోపల పడక, కళ్లగంతలు, సన్నని సంగీతం సిద్ధమయ్యాయి. లైల్ రక్తపోటు మాత్రం నూట ఎనభై దాటింది. మూడుసార్లు చూసినా దిగలేదు. డాక్టరు ఆనాటి చికిత్సను రద్దు చేశారు.

"మందు పడలేదు కాబట్టి మీరొక్కరే బస్సులో వెళ్లిపోవచ్చు సార్. మీ తమ్ముణ్ని పంపించేయనా?" అంది మార్నీ.

లైల్ అప్పటికే కట్టుకున్న కళ్లగంతలు తీయలేదు. "మందు ఇవ్వలేదని వాడికి చెప్పకమ్మా," అన్నాడు.

ఇందుకు వేరే నిబంధన లేనందున మార్నీ తొమ్మిదవదాన్నే పాటించింది. ఆయన్ని చెయ్యి పట్టుకొని కారు దాకా నడిపించి, "కాస్త తూలుతారు. ఇవాళంతా ఒంటరిగా వదలకండి," అని తమ్ముడికి అప్పగించింది.

లైల్ వెంటనే, విధేయంగా, తూలాడు.