ఒక అక్షరం ఎక్కువ

పాటలో “కోలుకున్నాను” అన్న మాట దగ్గర అనూరాధ గొంతు మళ్లీ పూడుకుపోయింది. షహబాజ్ గిటార్ తీగల మీద అరచెయ్యి పెట్టి మోత ఆపాడు.

“ఇది పదకొండోసారి అనూ. వీరేంద్ర వదిలేసినాడని తొమ్మిది పాటలు ఏడిసినావ్. ఈ ఒక్కటీ అయిపోతే మన రాక్ ఆల్బమ్ అయిపోయినట్టే.”

“ఆ ఏడుపు నిజం, వచ్చింది. ఈ మాట అబద్ధం, రావట్లేదు,” అంది నా కూతురు.

గాజువాకలో మా మేడమీది గదే వాళ్ల స్టూడియో. నేను టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డాను. నాకు చేతనయింది అంతే.

“నాన్నా, అమ్మ పోయి నాలుగేళ్లయింది. నువ్వు కోలుకున్నావా?”

తన కోసమైనా అవునందామనుకున్నాను. నోరు రాలేదు.

“కోలుకుంతన్నానమ్మా.”

షహబాజ్ నవ్వాడు. “బీఏ చదివి ఇదేటి భాష అంకుల్?”

అనూరాధ నవ్వలేదు. నా మాటను పెదాల మీదే రెండుసార్లు అనుకుంది.

“‘కోలుకున్నాను’ బదులు ‘కోలుకుంతన్నాను’ అంటే ట్యూన్‌లో పట్టదు షహబాజ్. ఒక అక్షరం ఎక్కువ.”

“పాడు. ఆ అక్షరానికి నాను ఆగుతాను.”

పాడింది. ఆ మాట దగ్గర గొంతు వణికింది. గిటార్ ఒక్క క్షణం ఆగింది.

అనూరాధ ఆగలేదు.