గోడకి పట్టిన మనిషి

ముందు నా పడక్కుర్చీ పోయింది.

పెరట్లోకి కూడా కాదు. ఏకంగా వీధిలోకి. మా ఆవిడ చిట్టెమ్మ దాన్ని బరబరా ఈడ్చుకెళ్లి మురిక్కాలవ పక్కన పడేసి చేతులు దులుపుకుంది. పెళ్లయిన కొత్తలో కొన్న కుర్చీ. అడ్డం పడదామనుకున్నాను. పడలేదు. ఏ మొహం పెట్టుకుని పడతాను?

గొడవంతా ఆస్పత్రిలో మొదలైంది. మా కోడలు మధులతకి ఆరో నెల. కడుపులో బిడ్డ ఎదగాల్సినంత ఎదగడం లేదన్నారు. చిట్టెమ్మా, మా అబ్బాయి గణేష్‌బాబూ ఆటోలో తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. పిలిస్తేనే వెళ్లే అలవాటు నాకెప్పుడూ లేదు.

డాక్టరమ్మ స్కానింగు చూసి తలెత్తింది.

"ఇంట్లో ఎవరన్నా సిగరెట్లు కాలుస్తారా?"

"మా మావయ్యగారండీ... ఆయన..." కోడలు నసిగింది.

"ఇంట్లోనేనా?"

"ఆయన కాల్చని మూల లేదండి," చిట్టెమ్మ అందుకుంది. "ఆఖరికి దేవుడి గది గుమ్మం మీద కూడానండి."

"బిడ్డ ఎదక్కపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. మన చేతిలో ఉన్నది ముందు చూద్దాం. పొగ పోయినా దాని మడ్డి పోదమ్మా. గోడలకీ, పరదాలకీ, పరుపులకీ పట్టేసి నెలల తరబడి ఉంటుంది. అది తల్లికీ మంచిది కాదు, బిడ్డకీ మంచిది కాదు. అంతా కడిగించండి. కడిగేటప్పుడు అమ్మాయి అక్కడ ఉండకూడదు. ఇకమీదట ఆ ఇంట్లో ఒక్క సిగరెట్టు వెలగడానికి వీల్లేదు."

'నేను మానేసి ఏడాది కావస్తోంది డాక్టరమ్మా' అందామనుకున్నాను. ఎవరు వింటారు? అంతకుముందు చాలాసార్లు మానేశాన్లెండి, మానేసిన ఆనందంలో ఒకటి వెలిగించేవాణ్ణి. ఈసారి మాత్రం నిజం. ఒక్క దమ్ము లాగితే ఒట్టు. అయినా ఒక్కడు మెచ్చుకున్న పాపాన పోలేదు.

మండపేట మిల్లుల్లో జట్టు కూలీల చేత జెండా పట్టించినవాణ్ణి నేను. ఊక దుమ్ము మా ఊపిరితిత్తుల్ని తినేస్తోంది, మంచి గాలి మా హక్కు అని మిల్లు గేటు ముందు గొంతు చించుకునేవాణ్ణి. ఒక చేతిలో మైకు, రెండో చేతిలో సిగరెట్టు. ఇప్పుడు పుట్టబోయే నా మనవడికో మనవరాలికో ఊపిరి అందనివ్వని యజమానిని నేనే. నా ఇంట్లో నా మీద నినాదాలివ్వడం ఒక్కటే తక్కువ.

కోడల్ని ఆత్రేయపురం, పుట్టింటికి పంపేశారు. చిట్టెమ్మ కొంగు బిగించింది.

పరదాలు గోళెంలో నానేస్తే నీళ్లు టీ డికాషనులా దిగాయి.

"చూడండి మహానుభావా!" అని అరిచింది చిట్టెమ్మ. "ఇన్నాళ్లూ ఈ కషాయమేనా మాకు పట్టించింది?"



కేలండరు తీస్తే వెనక గోడ తెల్లగా ఉంది. మా గోడల రంగు పసుపనే అనుకున్నాను ఇన్నేళ్లూ. పసుపు కాదు. నేను.

బీరువాలోంచి నా చొక్కాలన్నీ తీసింది. ఒకటి మొహానికి ఆనించుకుని వాసన చూసింది. "ఛీ" అంది. మళ్లీ చూసింది. తర్వాత గబగబా అన్నిటినీ ఉడుకుతున్న సోడా నీళ్లలో ముంచేసింది.

రంగులెయ్యడానికి ముసలయ్య వచ్చాడు. వాడూ నేనూ ఒకే సంఘం, ఒకే అగ్గిపెట్టె.

"వదినగారూ, వీధిలో ఆ కుర్చీ నేను పట్టుకెళ్తానండి."

"నీ ఇంట్లో పిల్లల్లేరా? తగలబెట్టెయ్."

"తగలబెడితే మళ్లీ పొగే కదండీ!"

చిట్టెమ్మ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. నా మీద జోకైతేనేం, పోనీలే అనుకున్నాను.

నెల తిరిగేసరికి బిడ్డ బరువు కాస్త పుంజుకుందన్నారు. నేను ఆస్పత్రి వరండాలో గెంతాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఇవాళ మధులత తిరిగొచ్చింది. ఇంటినిండా చుట్టాలు. గుమ్మంలో నిలబడి గుండెలనిండా గాలి పీల్చింది.

"అత్తయ్యగారూ! గారెల వాసన వీధి చివరికే వచ్చేస్తోందండి!"

మా ఇంట్లో వంటకి వాసన ఉంటుందని నాకూ ఇవాళే తెలిసింది. ఆ పిల్ల ముందుగదిలో, గోడకి చేరగిలబడి, కడుపు మీద చెయ్యేసుకుని కూర్చుంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

అంతలో చిట్టెమ్మ కొడుకుని పక్కకి పిలిచింది.

"ఒరే, అది తెచ్చావా?"

"తెచ్చానమ్మా."

వాడు జేబులోంచి సిగరెట్టు పెట్టె తీశాడు. నా బ్రాండే.

"ఒరే గణేషూ! పక్కనే నీ పెళ్లాం ఉందిరా! అవతలికి పోరా!"

మిల్లు గేటు దగ్గర కూడా అంత గట్టిగా అరిచి ఉండను. వాడు తలైనా తిప్పలేదు. అగ్గిపుల్ల గీశాడు. చిట్టెమ్మ అయినా లాక్కుంటుందని చూశాను. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఇది లేనిదే నాన్నకి ముద్ద దిగేది కాదు కదమ్మా" అంటూ మావాడు సిగరెట్టు వెలిగించి, నా సంవత్సరీకానికి వడ్డించిన విస్తరి పక్కన, దండేసిన నా ఫొటో ముందు, అగరొత్తిలా గుచ్చి పెట్టాడు.