పన్నెండు మీటర్లు

ఉదయం ఐదున్నరకు నమోదు బల్ల ముందు నిలిచినవారి వరుస ఇది: మొదట దంతవైద్యులైన భార్యాభర్తలు, వారి వెనుక ఒక వ్యాయామోపాధ్యాయుడు, ఆ వెనుక విశ్రాంత రిజిస్ట్రారుగారు, చిట్టచివర తన పోటీ దుస్తులు తానే కుట్టుకొని వచ్చిన దర్జీ ఆవిడ.

రిజిస్ట్రారుగారికి అరవై నాలుగేళ్లు. ఇద్దరు సాక్షులు లేనిదే మొగుణ్ణి మొగుడని కూడా ఒప్పుకోని మనిషని రిజిస్ట్రేషన్ కచేరీలో ఆయనకు పేరు.

భార్య పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ పడకగదిలో స్టాండుకు బిగించిన సైకిలు చేసే కిర్రుకిర్రు తప్ప ఆ ఇంట మరో చప్పుడు లేదు.

ఎవరి సాయమూ అక్కరలేకుండా ఒక్కపనైనా పూర్తి చేయగలనని తనకు తాను రుజువు చేసుకోవాలి. అందుకే ఈ పోటీ.

సరస్సులో రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. పన్నెండున్నరలోగా సైకిలు దిగనివారికి పరుగు లేదు.

"జేబులు చూశారా అండీ? ఖర్జూరాలకని కుట్టుకున్నా. కొన్నవాటికి ఇలాంటివి ఉండవు," అంది వెనుకనుంచి దర్జీ ఆవిడ.

"కుట్టు బాగుంది," అన్నారాయన తిరిగి చూడకుండానే.

"మూడోసారండీ నాకిది. రెండుసార్లూ సైకిల్ దగ్గరే ఆపేశారు. ఈసారి పరిగెత్తి తీరాలి. మీతో ఎవరొచ్చారు?"

"పోటీ నాది. ఇంకొకరు రావలసిన పని లేదు."

ఫారం నింపి, కుదురుగా సంతకం చేసి, ఆయన ఒడ్డువైపు నడిచారు.

ఈత గడిచింది. సైకిలుపై యాభయ్యో కిలోమీటరు దగ్గర ఎదురుగాలి మొదలైంది. తన నీడ పక్కన మరో నీడ కనిపించింది ఆయనకు.

తిరిగి చూస్తే దర్జీ ఆవిడ. గట్టిగా నాలుగు మీటర్ల దూరం లేదు.

నిబంధన పన్నెండు మీటర్లు. అంతకంటే దగ్గరగా వస్తే ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనుకవాడు వాడి చాటున హాయిగా వస్తాడు. అది దొంగతనంతో సమానం.

"ఏమమ్మా, నా చాటున ఎంత దూరం వస్తారు? దాటి పోండి, లేదా తగ్గండి."

"మీ సైకిల్ వంకర్లు పోతోందండీ. సీసా ఖాళీ అయిపోయిందా?"

"నా సీసా సంగతి మీకెందుకు?"

ఆవిడ తగ్గింది. పది నిమిషాలకు మళ్లీ జిగురులా అంటుకుంది.

డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర మోటారుసైకిలుపై అంపైరు ఎదురయ్యాడు. రిజిస్ట్రారుగారు చేయెత్తారు.

"రాసుకోండి. ఇరవై కిలోమీటర్లుగా ఈమె నా చాటునే వస్తోంది."

"మీ పేరు మీద ఫిర్యాదు రాయమంటారా సార్?"

"నిస్సందేహంగా."

అంపైరు ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, పెద్దాయన గోడలా దొరికాడా? ఐదు నిమిషాలు పక్కన నిలబడు."

ఆవిడ చేతిగడియారం ఒకసారి చూసుకుంది.

"నిలబడతాలే బాబూ. ముందు ఆయనకి ఉప్పునీళ్లు ఇప్పించు. తూలిపోతున్నారు."

'నక్కవినయం,' అనుకొని ఆయన తొక్కుకుంటూ సాగిపోయారు.

తరువాతి నీళ్ల మజిలీ దగ్గర ఎవరో హ్యాండిలు పట్టి ఆపారు.

"దిగండి సార్. అంపైరు ఫోన్ చేశాడు."

దిగబోతే కాళ్లు నిలవలేదు. నేల గిర్రున తిరిగింది. రెండు గ్లాసుల ఉప్పునీళ్లు కడుపులో పడ్డాకగాని ఎదుటి మనిషి ముఖం తెలియలేదు.

పన్నెండు ఇరవై ఎనిమిదికి ఆయన సైకిలు దిగారు. సగం పరుగు, సగం నడకగా మూడున్నర లోపల ముగింపు గీత దాటారు.

అక్కడ అందరికీ ఎవరో ఒకరున్నారు. దంతవైద్యుల పిల్లలు తల్లిదండ్రుల మెడలకు వేలాడుతున్నారు. "కాస్త మా అందరికీ ఒక ఫొటో తీస్తారా అంకుల్?" అంటూ ఎవరో ఆయన చేతిలో ఫోను పెట్టారు.

ఫొటో తీశారు. బల్లమీది పతకాల్లోంచి ఒకటి తీసుకొని తన మెడలో తానే వేసుకొన్నారు.

"సార్, గీత దాటారా! మీ చెల్లెలుగారు ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నారు," అంది నమోదు బల్ల దగ్గరి ఉద్యోగిని. "మీరు చివరి మలుపు తిరిగారని మైకులో విన్నాకే బస్సుకి వెళ్లారు. పాపం, మూడు నిమిషాల తేడాతో సైకిల్ గడువు తప్పింది ఆవిడకి."

"నాకు చెల్లెలు లేదు."

"అదేంటి సార్?" ఆమె కట్టలోంచి ఆయన ఫారం తీసింది. "అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట మీ నంబరే రాశారు. అది చెల్లదు, అలాగైతే నీళ్లలోకి దింపం. పిలుద్దామంటే మీరప్పటికే వెళ్లిపోయారు. వెనకున్న ఆవిడ 'మా అన్నయ్యేనమ్మా, తొందర మనిషి, నా నంబరు వేసుకో' అన్నారు."

ఆయన నంబరు కొట్టివేసి ఉంది. పక్కన మరో నంబరు. బంధుత్వం: చెల్లెలు.

ఆ అక్షరాల మీద వేలుంచి రిజిస్ట్రారుగారు లెక్క కట్టారు. ఐదు నిమిషాలలోంచి మూడు నిమిషాలు ఎన్నిసార్లు తీసినా రెండు మిగులుతున్నాయి.

"ఫిర్యాదుల పుస్తకం ఇస్తారా?"

నిలబడే, అంపైరు ఎక్కించిన తన ఫిర్యాదు కింద, కుదురైన దస్తూరితో రాసి సంతకం చేశారు:

"పై ఫిర్యాదు ఉపసంహరించుకొనడమైనది. పన్నెండు మీటర్ల నిబంధనను ఈమె ఉల్లంఘించిన మాట వాస్తవము. ఉల్లంఘించకున్నచో ఈ సంతకము చేయుటకు నేను ఉండెడివాడను కాను. తన పరుగును నాకై వదులుకొనిన ఈమె నాకు స్వయానా చెల్లెలని, సాక్షుల అవసరము లేకుండగనే, ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."